మడతబందు కాని కీలు: మోకాలి చలన భావన, కృత్రిమ కీలు రూపకల్పన

మోకాలిని తలుపు మడతబందుతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక సరికాదని 1836లోనే తేలింది. జర్మన్ శాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ వెబర్, ఎడ్వర్డ్ వెబర్ సోదరులు మానవ నడకపై ప్రచురించిన గ్రంథంలో, మోకాలు ముడిచేటప్పుడు తొడ ఎముక కింది జంఘాస్థిపై దొర్లుతూ, జారుతూ కదులుతుందని వివరించారు. శస్త్రవైద్యం ఈ సత్యాన్ని ఆచరణలోకి తెచ్చుకోవడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ క్షయ సోకిన మోకాలికి దంతంతో చేసిన మడతబందునే అమర్చారు. అది నిలవకపోవడానికి ప్రధాన కారణం ఇన్ఫెక్షన్. కాబట్టి దాని రూపకల్పనలోని లోపం అప్పటికి బయటపడలేదు. 1951లో స్వీడన్ వైద్యుడు వాల్డియస్ ప్రవేశపెట్టిన కీలు కూడా ఏకాక్షమే. సహజమైన మోకాలు చాచే చివరి దశలో జంఘాస్థి కొద్దిగా బయటికి తిరుగుతుంది. మడతబందు ఈ తిరుగుడును అనుమతించదు. అడ్డుకున్న మెలి అదృశ్యం కాదు. కీలుకూ ఎముకకూ మధ్యనున్న అతుకు మీద పడుతుంది. అడుగడుగునా పడే ఆ బలానికి అతుకు క్రమంగా వదులవుతుంది.

ఇంగ్లండులో చార్న్‌లీ వద్ద పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ 1971లో ప్రకటించిన బహుకేంద్ర కీలు ఈ చరిత్రలో అసలైన మలుపు. తొడ ఎముక చివరనున్న రెండు బుడిపెలకు వేర్వేరు లోహపు అర్ధవలయాలు, జంఘాస్థిలో పాలిథిలీన్ గాళ్లు అమర్చి, లిగమెంట్లను ఆయన అలాగే ఉంచారు. తరువాత న్యూయార్క్‌లో ఇన్‌సాల్ బృందం రూపొందించిన 'టోటల్ కాండిలర్' కీలులో క్రూసియేట్ లిగమెంట్లు రెండూ తొలగించవలసి వచ్చింది. మన్నిక బాగున్నా మోకాలు తగినంత ముడవలేదు. దానిని సరిదిద్దడానికే 1978లో వెనుక లిగమెంటు పనిని ఒక మేకుకు అప్పగించారు.

అయితే ఈ నమూనాల వెనుకనున్న చలన భావన చాలాకాలం పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చిత్రంపైనే ఆధారపడింది. ఆ చిత్రంలో లోపలి, బయటి బుడిపెలు ఒకదానిపై ఒకటి పడి ఒకటిగా కనిపిస్తాయి. క్రూసియేట్ లిగమెంట్లను నాలుగు కడ్డీల యంత్రంగా భావించిన సిద్ధాంతం కూడా ఇటువంటి సమతల దృష్టి నుండే పుట్టింది. పరికరం చూపలేనిది సిద్ధాంతంలోకీ రాలేదు. ఫ్రీమన్, పిన్‌స్కెరోవా తదితరులు 2000 ప్రాంతంలో ఎంఆర్‌ఐతో రెండు భాగాలనూ విడివిడిగా పరిశీలించారు. సుమారు 120 డిగ్రీల వరకు ముడిచినా లోపలి బుడిపె దాదాపు ఉన్నచోటే ఉంటుందనీ, బయటిది మాత్రం వెనక్కి జరుగుతుందనీ తేలింది. అంటే రెండు వైపులా సమానంగా వెనక్కి దొర్లే కీలు ప్రకృతికి నకలు కాదు. లోపలి వైపు గిన్నెలా లోతుగా, బయటి వైపు చదునుగా ఉండే 'మీడియల్ పివట్' నమూనాలకు ఆధారం ఇదే. వీటి ఆధిక్యంపై ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. పైగా నేలపై గొంతుకూర్చునేటప్పుడు మోకాలు 120 డిగ్రీలను దాటి ముడుస్తుంది. ఆ స్థితిలో బయటి బుడిపె జంఘాస్థి వెనుక అంచు దాకా జరిగిపోతుంది. గొంతుకూర్చోవడం, బాసింపట్లు వేయడం నిత్యకృత్యమైన మన సమాజాలలో రోగి అడిగే మొదటి ప్రశ్న దీని గురించే.