పేరు లేని ముత్తాత

మాది ఎలమంచిలి. మా ముత్తాత 1937లో కూలిపనికని మలయా రబ్బరు తోటలకి వెళ్ళాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన వాళ్ళు తెచ్చిన కబురు ఒక్కటే, జపానువాళ్ళు సయాంలో రైలు పనికి పట్టుకెళ్ళిపోయారని. అప్పటికి మా తాతకి తొమ్మిదేళ్ళు.

థాయిలాండ్, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల ఆ లైను 1943 అక్టోబరులో పూర్తయింది. 12 వేలకి పైగా యుద్ధఖైదీలు పోయారు. ఆసియా కూలీలు అంతకి ఎన్నో రెట్లు పోయారు. వాళ్ళలో మలయా తోటల తమిళులూ, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వీళ్ళకి లెక్కల్లేవు, అంచనాలే.

మొన్న సెలవుల్లో అమ్మానాన్నలతో కాంచనబురి సైనిక శ్మశానానికి వెళ్ళాను. దాదాపు 7 వేల సమాధులు. గడ్డి, పూలమొక్కలు, పేర్లు చెక్కిన ఫలకాలు. "మనవాళ్ళని కాల్చేస్తారు కదా, సమాధి ఎక్కడుంటుందిలే" అని సరిపెట్టుకుందామంటే అదీ కుదర్లేదు. దహనం చేసిన 300 మంది ఖైదీల బూడిదని కూడా రెండు సమాధుల్లో పెట్టి, వాళ్ళ పేర్లు రాశారు. తేడా మతంలో లేదు, రిజిస్టర్‌లో ఉంది. సైనికుడికి నంబరుంది, కూలీకి లేదు. మన భాషలో చెప్పాలంటే మా ముత్తాతకి డేటాబేస్‌లో రికార్డే లేదు.

తెలిసే వెళ్ళాం. అయినా నాన్న వరసలన్నీ తిరిగి, "మనోడు లేడురా" అన్నారు. తర్వాత నది ఒడ్డుకెళ్ళి, ముత్తాత పేరు పైకి చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలారు.

మీ ఇళ్ళలో కూడా రంగమో, మలయానో వెళ్ళి తిరిగిరానివాళ్ళు ఉండే ఉంటారు. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఆ పేర్లు రాసిపెట్టుకోండి. దానికి ఇంకెక్కడా బ్యాకప్ లేదు.