బొగ్గు పోతే రాత్రికి కరెంటు ఎక్కడిది?

పాతబస్తీ హాస్టల్ నుంచి రాస్తున్నాం. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం పెట్టారు. బొగ్గేమో సింగరేణిది. ఆ తవ్వకం 1889లో మన కోయలుండే ఇల్లందులో మొదలైంది. థర్మల్ కేంద్రాన్ని ఎప్పుడో కూల్చేశారు, బొగ్గు తవ్వకం మాత్రం ఆగలేదు.

సోలార్ వస్తే ఆగుతుందా? పగలు సరే, రాత్రి సంగతేంటి? పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. దీన్నే పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. దానికి కొండలు కావాలి, అవి మనవే! అప్పర్ సీలేరులో 1350 మెగావాట్లకు ప్లాన్ వేశారు.

మాచ్‌ఖండ్ కరెంటు 1955లో వచ్చింది. దానికోసం కట్టిన జలాపుట్ డ్యామ్‌లో ఆదివాసీ ఊళ్లు మునిగాయి. అప్పుడు పెసా లేదు, 1996 నుంచి ఉంది. బొగ్గు పోవాలనే మేమూ అంటాం, గ్రామసభను అడిగాకే. మీ వైపు అడిగారా?