356 మైళ్ల కారు

పాత కార్ల మీద ఆదివారానికి ఏదైనా రాయమని గురువారం సాయంత్రం ఫోనొచ్చింది. అమెరికా డ్రాగ్ రేసుల మజిల్ కార్లయితే మరీ బాగుంటుందన్నారు. డ్రాగ్ అంటే లాగుడే కదా! మా రెడ్డిగూడెం వైపు లాగుడు పందెమంటే ఒంగోలు గిత్తలు, బండరాయి, తిరునాళ్ల దుమ్ము. కండ కూడా గిత్తలదే. మామిడికాయలు మోసిన ముసలి జీపుల్ని చూశాం గానీ పాంటియాక్ జీటీఓ లాంటి మజిల్ కారు మా దారిన పోయిన జాడ లేదు.

రథం, పల్లకీ, ఎద్దుబండి, జట్కా... వేల ఏళ్లు ఇలా ఒక్క వాక్యంలో దాటేస్తున్నందుకు మన్నించాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో కలకత్తాలో మోటారు దిగింది. అటు అమెరికాలో వాలీ పార్క్స్ 1951లో డ్రాగ్ రేసులకో సంఘం పెట్టి, రోడ్లమీది పోటీని మైదానానికి మళ్లించాడు. తిన్నని దారి, రెండు కార్లు, పావు మైలు. అంటే 402 మీటర్లు. 1964లో వచ్చిన జీటీఓ 6.4 లీటర్ల ఇంజనుతో కుర్రకారు మతి పోగొట్టింది. 1973లో చమురు కరువొచ్చి ఆ జోరు చల్లారింది.

నా మనసు మాత్రం హైదరాబాదు కారు మీదే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండుకు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి పురమాయించాడు. పైభాగం కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. ఆసఫ్‌జాహీల జెండాలాగే పసుపు రంగు, వెనక సీటు గద్దెలా ఎత్తుగా. ఇంజను 7.4 లీటర్లు, అంటే జీటీఓ కంటే పెద్దది! 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ముచ్చట పడింది తండ్రి, కారు చేరింది కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు.

ఈ కొడుకునే 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి, లోకంలోకెల్లా ధనవంతుడంది. పొదుపులోనూ ఆయనకు సాటి లేరు. ఆ బంగారంలాంటి బండిని ఊరేగింపులకే తీసేవారు. 1947 నాటికి అది తిరిగింది మొత్తం 356 మైళ్లు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లొస్తే ఇంచుమించు అంతే! డ్రాగ్ లెక్కలో చూస్తే 1,424 పావుమైళ్లు. 1907లో ఇదే రకం కారు పరీక్షకని మొరాయించకుండా 14 వేల మైళ్లకు పైగా పరుగెత్తిందంటే, ఇది అంతఃపురంలో పెరిగిన బిడ్డలా అనిపించదూ! నాకైతే ఆ ఇంజను మీద జాలి వేస్తుంది.

తర్వాతి కథ చిక్కుముడి. సంస్థానం పోయింది, వారసులు పెరిగారు, గ్యారేజీల్లో కార్లు తుప్పు పట్టాయి. ఆ ఇంటి యువరాణి ఎస్రా పూనికతో నిజాముల చౌమహల్లా ప్యాలెస్ బాగుపడి 2005లో జనానికి తెరుచుకుంది. మన పసుపు కారు కూడా మరమ్మతై అక్కడే కొలువుదీరింది. బయట రాత్రిళ్లు కుర్రాళ్లు ఫ్లైఓవర్ల మీద బైకులతో డ్రాగ్ రేసులంటూ ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. ఏది చరిత్రో ఏది తిరునాళ్లో తెలియదు.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. వయసు 50 ఏళ్లు దాటాలి, రిజిస్ట్రేషన్‌కు 20 వేలు కట్టాలి, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకూడదు. అంటే పందేల కోసం ఇంజను మార్చిన మజిల్ కారుకు ఇక్కడ వింటేజ్ నంబరు దొరకడం కష్టమే. మీ కొట్టంలో తాతగారి జీపో కారో ఉంటే పాత ఇనుము కింద తూకానికి వేసే ముందు ఛాసిస్ నంబరు ఒకసారి చూడండి.

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. అది చూసుకుని బస్సెక్కండి.