అంతరాత్మ, వివేచన, అధికారం: జేమ్స్ మాడిసన్ చింతనలో మానవ స్వభావం

వర్జీనియా హక్కుల ప్రకటన 1776 జూన్‌లో ఆమోదం పొందింది. ముసాయిదాను ప్రధానంగా రాసింది జార్జ్ మేసన్. భిన్న మతాచరణల పట్ల సంపూర్ణ సహనం చూపాలని అందులో ఉంది. ఆనాటికి అది ఉదారమైన మాటే. కానీ దాన్ని ఆమోదించిన సభలోని 25 ఏళ్ల సభ్యుడు జేమ్స్ మాడిసన్‌కు అది చాలలేదు. ఇవాళ సహించిన అధికారం రేపు సహించనని కూడా అనగలదు. మాడిసన్ పట్టుబట్టడంతో 16వ అధికరణం మారింది; అంతరాత్మ ప్రబోధం మేరకు మతాన్ని ఆచరించడం అందరికీ సమానంగా చెందిన హక్కు అయింది.

ఈ పట్టుదల పుస్తకాల నుంచి మాత్రమే వచ్చింది కాదు. నేడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంగా ఉన్న కళాశాలలో జాన్ విదర్‌స్పూన్ దగ్గర మాడిసన్ స్కాటిష్ నీతిశాస్త్రం చదివిన మాట నిజమే. అయితే 1774 జనవరిలో మిత్రుడు విలియం బ్రాడ్‌ఫర్డ్‌కు రాసిన లేఖలో కనిపించేది తత్వం కాదు, ఆగ్రహం. పొరుగు కౌంటీలో ఐదారుగురు తమ మత భావాలను వెల్లడించిన నేరానికి జైల్లో ఉన్నారు. వర్జీనియాలో అప్పటికి ఆంగ్లికన్ చర్చిదే అధికార హోదా. అనుమతి లేకుండా బోధించే బాప్టిస్టులకు చెరసాల తప్పేది కాదు.

క్రైస్తవ బోధకుల పోషణకు పన్ను విధించాలని పాట్రిక్ హెన్రీ 1784లో ప్రతిపాదించాడు. తన పన్ను ఏ శాఖకు చేరాలో చెల్లించేవాడే ఎంచుకోవచ్చు కాబట్టి ఇందులో బలవంతం లేదనిపించేది. మరుసటి ఏడాది మాడిసన్ పేరు పెట్టకుండా రాసిన విజ్ఞాపన పత్రం ఆ భ్రమను వదిలించింది. నమ్మకం అనేది మనిషి తన బుద్ధితో తూచుకున్న ఆధారాలను బట్టి ఏర్పడుతుంది. ఇంకొకరి ఆజ్ఞతో అది పుట్టదు. తామే కావాలనుకున్నా ఎవరూ తమ నమ్మకాన్ని మరొకరి చేతిలో పెట్టలేరు. ఇవ్వడానికే వీలులేని దాన్ని సమాజంలో చేరేటప్పుడు ప్రభుత్వానికి ధారపోశామనడం అర్థరహితం. ఈ వాదంలో అంతరాత్మకు కాపలా కాసేది వివేచనే. హెన్రీ బిల్లు ముందుకు సాగలేదు. థామస్ జెఫర్సన్ ఎప్పుడో రాసి పెట్టిన మతస్వేచ్ఛ చట్టం 1786 జనవరిలో నెగ్గింది. అప్పుడు జెఫర్సన్ పారిస్‌లో ఉన్నాడు. సభలో దాన్ని గట్టెక్కించింది మాడిసన్.

అదే వివేచన గురించి రెండేళ్లు తిరగకముందే ఆయన చాలా కఠినంగా మాట్లాడాడు. కొత్త అమెరికా రాజ్యాంగాన్ని సమర్థించిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 1787 నవంబరులో వెలువడిన పదోదాని ప్రకారం మనిషి బుద్ధి పొరపడుతుంది. దాన్ని వాడుకునే స్వేచ్ఛ ఉన్నంతకాలం అభిప్రాయాలు వేరుపడుతూనే ఉంటాయి, స్వార్థం వాటితో కలిస్తే ముఠాలు పుడతాయి. స్వేచ్ఛను తీసేస్తే ముఠాలు పోతాయి గానీ ఆ మందు రోగం కన్నా చెడ్డది. అందరికీ ఒకే అభిప్రాయం కల్పించడం అసాధ్యం. ఇక నీతి, మతం అడ్డుకట్ట వేస్తాయా అంటే ఆయన జవాబు నిరాశాజనకం: ఒంటరి మనిషినే ఆపలేనివి గుంపును అసలు ఆపలేవు, గుంపు పెరిగేకొద్దీ వాటి పట్టు సడలుతుంది.

పైకి ఇది వైరుధ్యంలా కనిపిస్తుంది గానీ కాదు. అంతరాత్మ పాలకుడి చేతికి చిక్కకూడదన్నది ఒక మాట, అంతరాత్మే పాలన నడుపుతుందని నమ్మడం వేరొక మాట. మాడిసన్ మొదటిదాన్ని నిలబెట్టాడు, రెండోదాన్ని తిరస్కరించాడు. పాలకుడి బుద్ధి కూడా పొరపడేదే కాబట్టి ఇతరుల నమ్మకాలను శాసించే అర్హత అతనికి లేదు. అదే కారణంగా అతని అధికారానికి మరో అధికారం అడ్డు నిలవాలి. 51వ వ్యాసంలోని పరస్పర నియంత్రణ సూత్రానికి పునాది ఇదే. అలాగని ఆయనది పూర్తి నిరాశావాదం కాదు. మనిషిలో అపనమ్మకానికి తగిన నీచత్వంతోపాటు గౌరవానికి తగిన గుణాలూ ఉన్నాయని, గణతంత్రం మిగతా ప్రభుత్వాల కన్నా ఆ గుణాలపైనే ఎక్కువగా ఆధారపడుతుందని 55వ వ్యాసం ఒప్పుకుంటుంది.

1789లో రాజ్యాంగానికి హక్కుల సవరణలు ప్రతిపాదిస్తూ, రాష్ట్రాలు సైతం అంతరాత్మ హక్కును ఉల్లంఘించరాదన్న నిబంధనను ఆయన జాబితాలోకెల్లా విలువైనదిగా భావించాడు. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్ కొట్టేసింది. మతాచరణ స్వేచ్ఛ రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1940 వచ్చింది.

నీతి ఒక్కటే స్వార్థాన్ని ఆపలేదన్న ఆయన మాటకు ఆయన జీవితమే కఠినమైన సాక్ష్యం. ఆయన మాంట్‌పీలియర్ తోటలో వందమందికి పైగా బానిసలుగా బతికారు. 1783లో తనతో ఫిలడెల్ఫియాలో ఉన్న బిల్లీ అనే బానిస గురించి తండ్రికి రాస్తూ, మనం రక్తం ధారపోసి సాధించుకుంటున్న స్వేచ్ఛనే అతనూ కోరుకున్నందుకు శిక్షించలేనన్నాడు. వర్జీనియాకు తీసుకెళ్తే తోటి బానిసలకు ఆ ఆలోచనలు అంటుతాయన్న భావమూ ఆ లేఖలోనే ఉంది. చివరికి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పరిమిత కాలపు చాకిరీకి అతన్ని అక్కడే అమ్మేశాడు. అన్యాయమని వివేచనకు తెలుసు, అంతరాత్మ అడ్డు చెప్పింది, ఆస్తి గెలిచింది. ఆ తోటలో యజమాని అధికారాన్ని అడ్డుకునే రెండో అధికారం ఏదీ లేదు. 1836లో మరణించిన మాడిసన్ తన వీలునామాలో బానిసలెవరికీ విముక్తి ఇవ్వలేదు; వారి సమ్మతి లేకుండా అమ్మరాదన్న కోరికతో భార్య డాలీకి అప్పగించాడు. ఆమె 1844లో ఎస్టేటును అమ్మినప్పుడు వారిలో చాలామంది కొత్త యజమానికి బదిలీ అయ్యారు.