48 దాటని బండి

బండికి జబ్బేమీ కనిపించదు. పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టవుతుంది. పొగ మామూలే. పది బస్తాల ధాన్యం వేసుకుని కాలవగట్టు అవలీలగా ఎక్కేస్తుంది. కానీ తారురోడ్డు ఎక్కాక గంటకు 48 కిలోమీటర్లు దాటదు. ఎవరు నడిపినా అంతే.

గుడివాడ దగ్గర మా బాబాయి వాడుతున్న పాత మహీంద్రా జీపు పికప్ ఇది. వెనక తొట్టె ఎప్పుడో బాడీ బిల్డర్ దగ్గర కట్టించింది. ఆయన చేతికి వచ్చేసరికే ఇద్దరు యజమానులు మారారు. డీజిల్ పంపు కాలిబ్రేషన్ చేయించారు, నాజిళ్లు మార్పించారు, చివరికి ఇంజన్ దించి బోరు కూడా చేయించారు. ఖర్చు పెరిగింది గానీ 48 అలాగే ఉంది. "ఎంత తొక్కినా అంతే రా, దీని పద్ధతే అది" అనేవాడు బాబాయి. ఇంజన్ అరిగి వేగం తగ్గితే అది ఏడాదికి కొంత చొప్పున తగ్గాలి. ఏళ్ల తరబడి ఒకే అంకె దగ్గర ఆగుతోందంటే దాని వెనక ఒక లెక్క ఉండి తీరాలి. మళ్లీ పైసా ఖర్చు పెట్టే ముందు ఆ లెక్క తేల్చాలనుకున్నాం.

మొదటి ఆధారం రోడ్డు మీదే దొరికింది. బరువుతో పోతే 46, ఖాళీగా పోతే 48. బలం చాలని ఇంజన్ అయితే బరువుకి బాగా వెనకబడాలి, ఖాళీగా ఉన్నప్పుడు ఉరకాలి. ఇక్కడ తేడా రెండు కిలోమీటర్లే. అంటే ఇంజన్‌కు శక్తి చాలకపోవడం కాదు, ఏదో దాన్ని ఆపుతోంది. డీజిల్ ఇంజన్‌లో ఆ పని చేసేది గవర్నర్. నిర్ణయించిన చుట్లు దాటగానే అది డీజిల్ కోసేస్తుంది. ఎంత తొక్కినా ఇక చుక్క ఎక్కువ పోదు.

రెండో ఆధారం ఇంజన్ చుట్ల లెక్క. క్రాంక్ పుల్లీ మీద మెరిసే స్టిక్కర్ ముక్క అంటించి, చేతిలో పట్టుకునే టాకోమీటర్‌తో చూశాం. బరువు లేకుండా పూర్తిగా తొక్కితే నిమిషానికి రెండు వేల చుట్లకు కాస్త అటూ ఇటూగా ఆగిపోయింది. రోడ్డు మీద నడిచే ఇంజన్‌కు ఇది చాలా తక్కువ. కానీ పొలం దున్నే ఇంజన్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లండులో పుట్టి, తర్వాత మన దేశంలోనూ తయారైన ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్ ఇంజన్ 144 ఘనపుటంగుళాలది, 35 గుర్రాల శక్తిది. ఆ శక్తి వచ్చేది 1,875 చుట్ల దగ్గర.

ఇది ట్రాక్టర్ ఇంజన్ అయి ఉంటుందని ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. ట్రాక్టర్లలోకి దిగిన మహీంద్రా, ఇదే ఇంటర్నేషనల్ వంశపు డీజిల్‌ను తర్వాత జీపుల్లోనూ పెట్టింది. కాబట్టి బానెట్ ఎత్తి చూసిన ప్రతి మెకానిక్‌కీ ఇది కంపెనీ బిగించిన డీజిల్ లాగే కనిపించింది. బానెట్ ఎత్తు కూడా ఏమీ తేల్చలేదు. 1953లో విల్లీస్ తెచ్చిన సిజె-3బి జీపుకి ముక్కు అంత ఎత్తుగా ఉండటానికి కారణం దాని హరికేన్ పెట్రోలు ఇంజన్. ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉండే ఇంజన్ అది, ఎత్తెక్కువ. డీజిళ్లు వచ్చాక కూడా మన దగ్గర అదే ముఖం కొనసాగింది. కాబట్టి ముఖాన్ని బట్టి పుట్టుక చెప్పలేం.

పుట్టుక చెప్పినవి చిన్న చిన్న వస్తువులు. డ్యాష్‌బోర్డు మీద రేకుముక్కతో మూసేసిన ఒక గుండ్రటి కన్నం ఉంది. దాని వెనక వైపు చోక్ కేబుల్ తొడుగు ఇంకా వేలాడుతోంది. డీజిల్‌కు చోక్ అక్కర్లేదు. అద్దం చట్రం మీద పాత వాక్యూమ్ వైపర్ మోటారు, దాని నుంచి కిందికి దిగి ఎక్కడా కలవకుండా ఆగిపోయిన సన్నటి గొట్టం కనిపించాయి. ఆ వైపర్ తిరగాలంటే పెట్రోలు ఇంజన్ ఇన్‌లెట్ మానిఫోల్డ్ గాలి పీల్చాలి. ఇక చాసిస్ మీద గ్రీజు గోకి చూస్తే కంపెనీ రివెట్ల పక్కనే చేత్తో వెల్డింగ్ చేసిన ఇంజన్ మౌంట్లు బయటపడ్డాయి. ఈ మూడూ ఒకే మాట చెప్పాయి: బండి పుట్టింది పెట్రోలు ఇంజన్‌తో.

ఆఖరి ఆధారం వెనక ఇరుసులో ఉంది. రెండు వెనక చక్రాలూ జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీశాం. రెండు చక్రాలనూ కలిపి 8 చుట్లు తిప్పితే షాఫ్టు 43 చుట్లు తిరిగింది. తర్వాత కవరు విప్పి పళ్లు లెక్కపెడితే పినియన్‌కు 8, క్రౌన్‌కు 43. నిష్పత్తి 5.38. పాత పెట్రోలు జీపులకు వేసేది ఇదే.

ఇప్పుడు లెక్క కట్టవచ్చు. టైరు ఒక్క చుట్టుకు నేల మీద సుమారు 2.2 మీటర్లు కదులుతోంది. టాప్ గేరులో గేరుబాక్సు ఇంజన్ చుట్లను ఉన్నవి ఉన్నట్టే వెనక్కి పంపుతుంది. ఇంజన్ 1,875 చుట్ల దగ్గర ఉంటే చక్రం నిమిషానికి 349 చుట్లు తిరుగుతుంది, అంటే గంటకు 46 కిలోమీటర్లు. ఖాళీ బండిలో గవర్నర్ ఇంకొంచెం వదిలి 1,950 దాకా పోనిస్తే 48. రోడ్డు మీద మేం చూసిన రెండు అంకెలూ కాగితం మీదికి వచ్చేశాయి. అదే ఇరుసుకి హరికేన్ పెట్రోలు ఇంజన్ కడితే? దాని పూర్తి శక్తి 4,000 చుట్ల దగ్గర వస్తుంది. లెక్క ప్రకారం గంటకు 98. ఇరుసులో తప్పు లేదు, ఇంజన్‌లోనూ తప్పు లేదు. ఆ రెంటికీ వియ్యం కుదరలేదు, అంతే.

పాత సి-బుక్ చివరి పేజీలో, వెలిసిపోయిన ముద్ర కింద, 1970ల చివర ఇంజన్ మార్చినట్టు రాసిన రాత కనిపించింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు బండి మేపడం రైతుకు భారమైన కాలం అది. చవగ్గా దొరికిన ట్రాక్టర్ డీజిల్‌ను ఎవరో జాగ్రత్తగానే బిగించారు. ఆనాటి కాలవగట్లకు, మట్టిరోడ్లకు 48 చాలు. ఆ మేస్త్రీ పని తక్కువది కాదు. తన యజమాని అవసరం తీర్చాడు.

చిక్కు విడిపోయాక ఏం మార్చాలో తేలిపోయింది. గవర్నర్ సీలు తెంచి చుట్లు పెంచమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. 1,875 చుట్లకు కుదిర్చిన ఇంజన్‌ను అంతకు మించి రోజూ తిప్పితే ఖర్చు ఇంకో దారిలో వస్తుంది. అందుకే 11 పళ్ల పినియన్, 47 పళ్ల క్రౌన్ ఉన్న 4.27 సెట్టు వేయాలనుకున్నాం. విజయవాడ ఆటోనగర్ పాత సామాను కొట్లలో ఓపిగ్గా వెతికితే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ జత దొరికింది. ఇది ఫోర్ వీల్ బండి కాబట్టి రెండు ఇరుసులూ ఒకే నిష్పత్తిలో ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడి నలిగిపోతుంది. చక్రం దగ్గర లాగుడు బలం ఐదో వంతు తగ్గుతుంది నిజమే. కానీ బరువుతో గట్టెక్కడానికి ఈ ఇంజన్‌కు బలం మిగులుతోందని మొదటి ఆధారమే చెప్పింది. ఇప్పుడు వేగం 58 నుంచి 60.

వేగం పెంచితే బ్రేకు కూడా పెంచాలి. వాక్యూమ్ బూస్టర్ వేయాలంటే పెట్రోలు ఇంజన్‌లో ఉన్నంత పీల్చుడు డీజిల్‌లో ఉండదు. వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ ఒకటి కొంటే బ్రేకు సంగతీ బ్యాటరీ చార్జింగ్ సంగతీ రెండూ తీరాయి. ఒకే గొట్టంతో నాలుగు చక్రాలకూ ఆయిల్ పంపే పాత మాస్టర్ సిలిండర్ తీసేసి రెండు వేరు దారులున్నది పెట్టించాం. ఒక దారి తెగినా రెండోది బండిని ఆపుతుంది. టింకరింగ్, పెయింటు మిగిలిన డబ్బుతోనే చేయించాం.

తక్కువ డబ్బుతో పాత బండి బాగు చేయించాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు సుద్దముక్క, టేపు, టాకోమీటర్, సి-బుక్ పట్టుకోండి. బండికి ఏ ఇంజన్ ఉంది, ఏ ఇరుసు ఉంది, ఏది ఎప్పుడు మారింది రాసుకుని, లెక్క కట్టి, అప్పుడు సామాను కొనండి. మా బండి మీద ఇన్నేళ్లుగా పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు వైద్యం చేయించడానికే పోయింది.