కుక్కరు కథ, పిల్లలకో పాఠం

మన వంటింట్లో కూతవేసే ప్రెషర్ కుక్కరు వయసెంతో తెలుసా? మూడువందల ఏళ్లు దాటింది! ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో దాని తొలి రూపం తయారుచేశాడు. అందులో ఎముకలు కూడా మెత్తబడేవి. మరి ఆవిరి ఎక్కువైతే పాత్ర పేలదూ? అందుకే హద్దు మీరిన ఆవిరి తనంతట తానే బయటపడేలా, బరువుతో పనిచేసే సేఫ్టీ వాల్వు అమర్చాడు. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు అందులోనే వండి విందు చేశాడు.

ఈ కథ పిల్లలకు చెప్పండి. "ముట్టుకోకు" అంటే కుతూహలం పెరుగుతుంది, ఎందుకో చెబితే జాగ్రత్త పెరుగుతుంది. పదేళ్ల పిల్లకు ఖాళీ కుక్కరు మూత ఇచ్చి, వెయిట్ పెట్టే గొట్టంలో మెతుకేమైనా అడ్డుపడిందేమో వెలుతురుకు పెట్టి చూడమనండి. గాస్కెట్ కడగమనండి. మూత తీయడం మాత్రం ఆవిరంతా పోయాక, మీ చేతులతోనే సుమండీ!