గుండె, ఛాతీ శస్త్రచికిత్స రోగులలో కుంగుబాటు

కనీసం రెండు వారాల పాటు దిగులు గాని, దేనిపైనా ఆసక్తి లేకపోవడం గాని వదలక, వాటికి నిద్రలేమి, నిరాశ వంటివి తోడైన స్థితి కుంగుబాటు. ఆపరేషన్ జరిగిన తొలి రోజుల్లో వచ్చిపోయే కంటతడి దీని కిందికి రాదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో బైపాస్ (మూసుకుపోయిన రక్తనాళాన్ని తప్పించి గుండెకు కొత్త రక్తమార్గం అమర్చడం) చేయించుకున్న 817 మందిని పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో 38 శాతం మందికి శస్త్రచికిత్సకు ముందే కుంగుబాటు ఉందని, అది తీవ్రంగా ఉన్నవారిలోనూ, స్వల్పమైనా ఆరు నెలలకు తగ్గనివారిలోనూ మరణాలు రెట్టింపుకు పైగా ఉన్నాయని తేలింది.

కుంగుబాటును గుర్తించడంలో రోగి ఇంటిభాష కీలకం. 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన తిరుత్తణి, దానికి చెన్నై వైపున్న తిరువళ్ళూరు ప్రాంతాలలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు అనేకం. 1975లో దేశంలో తొలి బైపాస్‌గా పేరొందిన శస్త్రచికిత్సను కె.ఎం. చెరియన్ చేసిన పెరంబూరు రైల్వే ఆసుపత్రి వీరికి దూరం కాదు. కుంగుబాటు లక్షణాలైన అలసట, ఆకలి మందగించడం గాయం మానే దశలోనూ సహజమే కనుక, రోగి మనసులోని మాటను ఇంటిభాషలోనే రాబట్టడం రక్తపరీక్షలంత అవసరం. చికిత్సలో మాటల ద్వారా చేసే మనోచికిత్స, క్రమమైన వ్యాయామం, సెర్ట్రలీన్ వంటి మందులు ముఖ్యం. అయితే ఆస్పిరిన్‌తో కలిసినప్పుడు ఈ మందులు రక్తస్రావ ప్రమాదాన్ని పెంచవచ్చు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ (ఫోన్‌లో మానసిక ఆరోగ్య సేవ) సహాయం 14416 నంబరులో లభిస్తుంది.